బంపర్ మీద నాలుగు నల్ల బొట్లు: ఆటోనగర్ లో పార్కింగ్ సెన్సర్లకి బండి కలర్ వేయించిన రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది రూపాయి బిళ్ళంత సైజున్న నాలుగు ముక్కలకి రంగు వేయించుకున్న కథ, దీనికింత పొడుగు రివ్యూ ఏంట్రా బాబూ అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి, ఏమనుకోను. కానీ నేను ఈ పనికి రెండుసార్లు డబ్బులు పెట్టా, మొదటిసారి పెట్టినవి అచ్చంగా కృష్ణలో కలిపినట్టే, అందుకని ఇంకెవరైనా విజయవాడలోనో ఇంకెక్కడోనో ఇదే పనికి బయల్దేరే ముందు చదువుకుంటారని రాస్తున్నా.

బండి సంగతి. 2018 స్విఫ్ట్, ఎల్ఎక్స్ఐ, మాగ్మా గ్రే. 2019 జూలై 1 నుంచి తయారైన కార్లన్నిటికీ వెనక సెన్సర్లు (రివర్స్ లో వెనక ఏదైనా అడ్డం ఉంటే కూసేవి) తప్పనిసరి చేసారు కాబట్టి ఇప్పుడు కొనేవాళ్ళకి ఈ బాధ లేదు, మాది అంతకుముందుది, కింద వేరియంట్, సెన్సర్లు లేవు. ఇన్నేళ్ళూ లేకుండానే నడిపా, అద్దాల్లో చూసుకుని, మెడ తిప్పి, అంతే. ఈ మధ్య మా ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుంది. మా పటమట అపార్ట్మెంట్ సెల్లార్ లో పిల్లర్లు ఎలా ఉంటాయంటే బిల్డర్ ముందు పిల్లర్లు కట్టేసి తర్వాత కార్లు ఎక్కడ పెడతారబ్బా అని ఆలోచించినట్టుంటుంది. నెలలో రెండుసార్లు వెనక బంపర్ పిల్లర్ కి తగిలింది, (ఒకటి నేనే తగిలించా, ఆవిడకి ఇంకా తెలీదు) సరే సెన్సర్లు పెట్టించేద్దాం అని డిసైడ్ అయ్యాం.

బయట దొరికే కిట్ లో నాలుగు సెన్సర్లు, ఒక చిన్న కంట్రోల్ డబ్బా, బజరో డిస్ప్లేనో, బంపర్ కి చిల్లు పెట్టే కట్టరు ఉంటాయి. కరెంటు రివర్స్ లైట్ వైరు నుంచి తీసుకుంటారు. సెన్సర్లు మామూలుగా నలుపు, తెలుపు, సిల్వర్, ఈ మూడు రంగుల్లో దొరుకుతాయి. తెల్ల బండి వాళ్ళు అదృష్టవంతులు, ఐనా బండి పెర్ల్ వైట్ ఐతే ఆ తెలుపు కూడా కలవదు, పాలలో సున్నం చుక్క పడ్డట్టు ఉంటుంది. మాగ్మా గ్రే అంటే ముదురు బూడిద రంగులో సన్నటి మెరుపు. దాని మీద సిల్వర్ పెడితే బొత్తాలు కుట్టినట్టుంటుంది, నలుపు పెడితే దిష్టి బొట్లు. మా ఆవిడ ఫోటోలు చూసి ఒకటే మాట, "ఈ నాలుగు మచ్చలు నా బండికి వద్దు". అప్పటిదాకా మన బండి, చిల్లు పెట్టేసరికి ఆవిడ బండి ఐపోయింది.

మొదటి షాపు. పేరు చెప్పను, యాక్సెసరీస్ షాపు, సీట్ కవర్లు, మ్యాట్లు, స్టీరియోలు అమ్మే రకం. కిట్టు 950, ఫిట్టింగు 400, "బాడీ కలర్ కావాలంటే ఇంకో ఐదు వందలు సార్, గంటలో ఐపోద్ది" అన్నాడు. గంటలో ఐపోతుందన్నప్పుడే నాకు డౌట్ రావాల్సింది, రాలేదు, టీ తాగొద్దాం అని పోయా. వచ్చేసరికి కుర్రాడు సెన్సర్లన్నీ బంపర్ కి బిగించేసి, చుట్టూ పేపరూ టేపూ అంటించి, స్ప్రే క్యాన్ తో కొడుతున్నాడు. క్యాన్ మీద గ్రే అని ఉంది, ఏ గ్రే నో ఆ దేవుడికే తెలియాలి. ఒక కోటు కొట్టాడు, నలుపు కనిపిస్తోందని ఇంకోటి, మళ్ళీ ఇంకోటి, మూడోది కొట్టినప్పుడు కింద అంచున చిన్న బొట్టు జారి ఆగింది, దాన్ని వేలితో తుడిచి మళ్ళీ కొట్టాడు. నేను చూస్తూ నిలబడ్డా, నా తప్పే. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది కూడా. డబ్బులిచ్చి వచ్చేసా.

రాత్రి సెల్లార్ లో రివర్స్ గేరు వేసా. కుయ్యిఁ మని ఒకటే మోత, ఆగదే. వెనక ఏమీ లేదు, పదడుగుల ఖాళీ. దిగి చూసా, మళ్ళీ ఎక్కా, అదే మోత. ఒక్కోసారి మోత ఆగేది, అప్పుడు ఏమీ పలికేది కాదు, గోడ దగ్గరికొచ్చినా సరే. అంటే లేని గోడని చూపిస్తోంది, ఉన్న గోడని చూపించట్లేదు. సెన్సర్లు లేకుండానే హాయిగా ఉండేది కదరా అనిపించింది, ఎందుకంటే లేనప్పుడు కనీసం మెడ తిప్పి చూసేవాళ్ళం.

మర్నాడు షాపుకెళ్తే "పెయింట్ ఇంకా ఆరలేదు సార్, రెండ్రోజులు ఆగండి" అన్నాడు. రెండ్రోజుల తర్వాత "కిట్టే తేడా సార్, ఇంకోటి వేసుకోండి" అన్నాడు. దాని మీద మళ్ళీ పెయింట్ కి ఇంకో ఐదొందలంట. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు, వచ్చేసా.

ఇక్కడ కొంచెం ఆగి అసలు ఇదెందుకు ఇలా ఐందో చెప్తా, ఎందుకంటే ఇది తెలిస్తే పెయింటర్ ని ఎలా ఎంచుకోవాలో దానంతటదే తెలిసిపోతుంది. ఈ సెన్సర్ కి నోరూ చెవీ రెండూ ఒకటే. ముందున్న గుండ్రటి బిళ్ళ పల్చటి అల్యూమినియం రేకు, దాని వెనక ఒక పింగాణీ లాంటి ముక్క అతికించి ఉంటుంది, దానికి కరెంటు తగిలితే వణుకుతుంది, ఆ వణుకుతో రేకు మోగుతుంది. బయటి కిట్లు ఎక్కువగా 40 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి నలభై వేల వణుకులతో మోగుతాయి, మన చెవికి 20 దాటితే వినపడదు కాబట్టి మనకి నిశ్శబ్దమే. ఆ శబ్దం వెళ్ళి గోడకి తగిలి వెనక్కొస్తే అదే రేకు మళ్ళీ సన్నగా వణుకుతుంది, వెళ్ళి రావడానికి పట్టిన టైముని బట్టి దూరం లెక్కేస్తుంది. మీటరు దూరంలో గోడుంటే వెళ్ళి రావడానికి సుమారు 6 మిల్లీసెకన్లు. ఐతే గంట కొట్టాక కాసేపు మోగుతూనే ఉంటుంది కదా, ఈ రేకూ అంతే, తన సొంత మోత ఆగేదాకా బయట నుంచి వచ్చింది వినలేదు. అందుకే మరీ పావు మీటరు లోపలికి వస్తే చాలా సెన్సర్లకి సరిగ్గా తెలీదు.

ఇప్పుడు ఆ రేకు మీద మూడు మందపాటి కోట్లు కొడితే ఏమవుతుంది? మా పెదమామయ్య మృదంగం వాయిస్తారు, ఆయనకి చెప్తే నవ్వేసారు. మృదంగానికి ఎడమ మూత మీద బొంబాయి రవ్వ తడిపి ముద్ద పెడతారు, ఆ బరువుకి శ్రుతి కిందికి దిగి గంభీరంగా పలుకుతుంది, కచేరీ అయ్యాక గీకేస్తారు. "మీవాడు నీ సెన్సర్లకి రవ్వ పెట్టాడ్రా, తీయడం మర్చిపోయాడు" అన్నారు. నేను చదివిన ఏ టెక్నికల్ వివరణ కంటే ఇది బాగా ఎక్కింది నాకు. రేకు బరువెక్కి దాని శ్రుతి మారింది, డబ్బా ఏమో పాత శ్రుతిలోనే పాడమంటోంది, జవాబు కోసం అక్కడే వెతుకుతోంది. దానికి తోడు ఇంకోటి, రేకుకీ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రింగుకీ మధ్య సన్నటి సందు ఉంటుంది, అక్కడ మెత్తటి సిలికాన్ ఉంటుంది, రేకు వణుకు బంపర్ కి పాకకుండా ఆపేది అదే. కుర్రాడు బంపర్ మీదే బిగించి కొట్టడంతో పెయింట్ ఆ సందులోకి దిగి రేకునీ రింగునీ బంపర్నీ కలిపి ఒకటే అట్ట కట్టేసింది. అంటే బంపర్ మొత్తం మోగుతోంది, ఆ మోతని విని సెన్సర్ ఎదురుగా గోడ ఉందనుకుంటోంది.

ఇది చాలదన్నట్టు ఒక సెన్సర్ తలకిందులుగా పెట్టాడు. వెనక వైపు పైకి ఏది రావాలో బాణం గుర్తు ఉంటుంది, అది ఎందుకంటే ఈ శబ్దం అడ్డంగా వెడల్పుగా, నిలువుగా తక్కువగా పోయేలా చేస్తారు, తిప్పి పెడితే నేలని చూసి అరుస్తుంది. ఇది పెయింట్ తప్పు కాదులే, కానీ మీరు ఎక్కడ చేయించినా ఆ బాణం చూసుకోండి.

సరే రెండో షాపు, అసలు రివ్యూ ఇదే. మా ఆఫీసులో ఒకాయన ఆటోనగర్ లో చిన్న పెయింటింగ్ షెడ్ చెప్పాడు. షెడ్ పేరు రాయట్లేదు, బోర్డు మీద పేరు సగం చెరిగిపోయి ఉంది, నిజానికి అందరూ ఆయన్ని "మేస్త్రీ గారు" అనే అంటారు. ఆటోనగర్ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి ఏం చెప్పినా అర్థం కాదు, లారీ బాడీ దగ్గర నుంచి స్కూటర్ స్టాండ్ దాకా అక్కడ కానిది లేదు, కాకపోతే ఎవరి దగ్గర అవుతుందో తెలుసుకోవడానికే జీవితం సరిపోతుంది. బయట రోడ్డంతా గ్రీజు, లోపల షెడ్ లో మాత్రం నేల తడిపి ఉంది. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుతారంట. అది చూసే నాకు సగం నమ్మకం వచ్చింది.

పెద్దాయన అరవై దాటి ఉంటారు. ఇంకా "డూకో" అనే అంటారు పెయింటింగ్ ని. సరదాగా చెప్పాలంటే డూకో అనేది డ్యూపాంట్ కంపెనీ 1920ల్లో అమెరికాలో తెచ్చిన లాకర్ పెయింట్ పేరు, కార్ల పెయింట్ ఆరడానికి వారాలు పట్టే రోజుల్లో అది గంటల్లో ఆరిపోయేదని ఊపేసింది, ఆ పెయింట్ పోయినా పేరు మాత్రం మన ఆటోనగర్లలో అలాగే ఉండిపోయింది.

బండి చూపించా. వంగి సెన్సర్ మీద గోటితో గీరారు. "ఎవడు బాబూ ఇది, ఇడ్లీ పిండి పోసినట్టు పోసాడు" అన్నారు. తీసేసి మళ్ళీ వేయొచ్చా అంటే తల అడ్డంగా ఊపారు. థిన్నర్ తో తుడిస్తే ప్లాస్టిక్ మెత్తబడుద్ది, సిలికాన్ ఉబ్బుద్ది, గీకితే రేకు మీద గీతలు పడి ఎక్కడ పల్చబడుద్దో తెలీదు, ఇంకో కిట్టు తెచ్చుకోండి, పాతవాటి మీద నేను చేసి ఇస్తే రేపు పలక్కపోతే నన్నంటారు అన్నారు. డబ్బులొచ్చే పని వద్దనే మనిషిని చాలా రోజుల తర్వాత చూసా. కొత్త కిట్టు అదే మోడల్ తెచ్చా, ఇంకో 950, కంట్రోల్ డబ్బా పాతదే ఉంచి సెన్సర్లు మాత్రం వాడాం, ఆ మిగిలిన డబ్బా ఇంకా ఇంట్లో ఉంది, ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తా.

ఆయన పెట్టిన మొదటి కండిషన్, పెయింట్ వేయకముందు నలుపు సెన్సర్లు తగిలించి రివర్స్ వేసి చూడాలి. బంపర్ లో బిగించకుండా ఊరికే వైరుకి తగిలించి చేత్తో పట్టుకుని చూసాం. నాలుగూ పలికాయి. ఇక్కడ ఒక చిట్కా చెప్పారు, అది ఈ రివ్యూలో అన్నిటికంటే పనికొచ్చే విషయం అనుకుంటా. రివర్స్ గేరులో పెట్టి, ఇంజన్ ఆపి కీ మాత్రం ఆన్ లో ఉంచి, (హ్యాండ్ బ్రేక్ వేసి!) సెన్సర్ దగ్గర చెవి పెట్టండి, టిక్ టిక్ టిక్ అని చాలా సన్నగా వినిపిస్తుంది. అసలు శబ్దం మనకి వినపడదు గానీ అది మొదలయ్యే చప్పుడు వినపడుతుంది. పెయింట్ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వినండి, టిక్కు పోయిందంటే సెన్సర్ పోయినట్టే. మా పాత నాలుగింటిలో ఒకటి అస్సలు పలకట్లేదు, రెండు జలుబు చేసినట్టు పలుకుతున్నాయి.

తర్వాత కలర్. పెయింట్ కలిపే షాపుకి కోడ్ ఇస్తే కంప్యూటర్ ఫార్ములా చూసి కలిపిస్తారు. కోడ్ ఎక్కడుంటుందంటే బండిని బట్టి, కొన్నిటికి బానెట్ ఎత్తితే ప్లేట్ మీద, కొన్నిటికి డ్రైవర్ డోర్ పిల్లర్ దగ్గర స్టిక్కర్ మీద. నేను కోడ్ ఇస్తే చాలు కదా అనుకున్నా. పెద్దాయన ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళు విజయవాడ ఎండలో నిలబడ్డ బంపర్ కి ఫ్యాక్టరీ కలర్ ఎక్కడ మిగిలింది బాబూ అన్నారు. నిజమే, పైగా బంపర్ ప్లాస్టిక్, డిక్కీ డోర్ ఇనుము, కొత్త బండిలో కూడా రెండిటి రంగూ కాస్త తేడాగానే కనిపిస్తుంది ఎండలో చూస్తే. అందుకని కలిపించిన పెయింట్ ని ముందు ఒక అట్టముక్క మీద కొట్టి, ఆరాక బంపర్ పక్కన పెట్టి ఎండలో చూసారు, నీడలో చూసారు, పక్కనుంచి వంగి చూసారు. మెటాలిక్ రంగులతో ఇదే తలనొప్పి, లోపల సన్నటి అల్యూమినియం పొడి ఉంటుంది, అది ఎలా పడుకుంటే అలా మెరుస్తుంది. స్ప్రే గన్ దగ్గరగా పెట్టి తడితడిగా కొడితే పొడి లోపలికి మునిగి ముదురుగా కనిపిస్తుంది, దూరం నుంచి పొడిపొడిగా కొడితే పైకి తేలి తెల్లగా కనిపిస్తుంది, ఒకే డబ్బాలో పెయింటే ఐనా సరే. స్ప్రే క్యాన్ తో మెటాలిక్ మ్యాచ్ అవ్వకపోవడానికి సగం కారణం ఇదే. రెండుసార్లు బొట్టు బొట్టుగా ఏదో కలిపి మూడో అట్టముక్కకి సరే అన్నారు. ఆ అట్టముక్క అడిగి తెచ్చుకున్నా, డ్యాష్ బోర్డ్ లో ఉంది.

పెయింట్ 100 మిల్లీలీటర్ల కంటే తక్కువ కలపరంట, 280 ఐంది. నాలుగు సెన్సర్లకి పట్టింది రెండు చెంచాలు కూడా ఉండదు. మిగిలింది చిన్న సీసాలో పోసి మూత బిగించి నాకే ఇచ్చేసారు, గీతలు పడితే టచప్ కి వాడుకోమని. పైన మెరుపుకి వేసే రంగులేని పూత, క్లియర్, మాత్రం ఇవ్వలేదు, దాంట్లో హార్డెనర్ కలిపాక సీసాలోనే గడ్డకట్టేస్తుందట.

ఇప్పుడు అసలు పని, అది ఎంతసేపూ లేదు గానీ ముందు చేసిన తయారీ చూడాలి. బిస్కెట్ల అట్టపెట్టెకి నాలుగు చిల్లులు పెట్టి సెన్సర్లు అందులో దూర్చారు, మొహాలు మాత్రం బయటికి, వైర్లన్నీ పెట్టె లోపల. పెయింట్ కి సెన్సర్లు బండి మీద ఉండకూడదు అనేది ఇక్కడే అర్థమైంది, అదేం పెద్ద రహస్యం కాదు, పదిహేను నిముషాల బద్ధకం అంతే. బూడిద రంగు స్కాచ్ బ్రైట్ తో మొహం మీద మెరుపు పోయేదాకా మాత్రమే రుద్దారు. గరుకు పేపర్ పెట్టి రుద్దరా అంటే "ఇది బంపరా బాబూ, దోశ పెనం తోమినట్టు తోమితే రేకు అరుగుద్ది" అన్నారు. పుట్టీ ఊసే లేదు, సెన్సర్ మీద పుట్టీ పెట్టేవాణ్ణి చూస్తే అక్కణ్ణుంచి పరిగెత్తండి. తర్వాత స్పిరిట్ తో తుడిచి ఇక వేలు తగలనివ్వలేదు. నేను ఒకటి తీసి చూడబోతే చేతిమీద కొట్టినంత పని చేసారు.

ఆ తర్వాత చేసింది నాకు భలే నచ్చింది. రేకుకీ రింగుకీ మధ్య సందు ఉంది చెప్పా కదా, ఆ సందులో కుట్టుమిషన్ దారం చుట్టూ తిప్పి కూర్చోబెట్టారు, గుండుసూదితో. సన్నగా ప్రైమరు, దాని మీద బేస్ (అసలు రంగు) రెండు కోట్లు, అవి కోట్లు అనడానికి కూడా లేదు, పొగమంచు పట్టినట్టు, మొదటి కోటు అయ్యాక కింద నలుపు ఇంకా కనిపిస్తూనే ఉంది. నేను ఇంకొంచెం కొట్టండి అన్నట్టు చూసా. "కనిపించనీ, రెండోదానికి మూసుకుంటది, ఒకేసారి మూసేద్దామనుకున్నోడే కదా నీ పాతవి పాడుచేసింది" అన్నారు. తర్వాత క్లియర్ ఒక్క కోటు. అది తడిగా ఉండగానే దారం చివర పట్టుకుని లాగేసారు, సందు చక్కగా తెరుచుకుని ఉంది. చిన్న టచప్ గన్, పెద్ద గన్ తో కొడితే ఇంత చిన్న ముక్క ఒక్క ఊపుకే తడిసిపోద్దంట.

లెక్క ప్రకారం చూస్తే ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం కలిపి బండి మీద 100 నుంచి 130 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటుంది, మన తల వెంట్రుక 70 దాకా. సెన్సర్ మీద పెయింట్ కి కార్ల కంపెనీలు పెట్టుకునే లిమిట్ కూడా కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూగా 100-150 మైక్రాన్ల దగ్గరే ఉంటుంది. అంటే ఆయన కొట్టిన ప్రైమర్, రెండు బేసు, ఒక క్లియర్ సరిపోయే సామాను, ఇంకో రౌండు కొడితే దాటిపోయే సామాను. ఆయనకి మైక్రాన్లు తెలీవు, మీటరూ లేదు. ముప్పై ఏళ్ళ చెయ్యి.

పెయింట్ ఆరబెట్టే బూత్ లో హీట్ పెట్టలేదు. బంపర్ ఐతే పెడతాం గానీ దీంట్లో అతుకులుంటాయి, వేడికి వదిలితే ఎవడు అతికిస్తాడు అని ఆ పెట్టెని అలాగే షెడ్ పైన ఎండలో పెట్టారు. కార్తీక మాసం ఎండ, అంత వేడీ కాదు, వానా లేదు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి, గాల్లో తేమకి క్లియర్ మీద తెల్లటి మసక వస్తుందంట.

బిగించడం కూడా వాళ్ళ షెడ్ లోనే వేరే కుర్రాడు చేసాడు, బాణం పైకి చూసుకుని. ఐతే నాలుగు వైర్ల మీద ఏ, బీ, సీ, డీ అని ఉంటాయి, అటుదిటు తగిలించాడు, ఎడమవైపు నిలబడితే డిస్ప్లేలో కుడివైపు చూపిస్తోంది, నవ్వుకుని మార్చాడు. బకెట్ పెట్టి, ప్లాస్టిక్ కుర్చీ పెట్టి, మనిషి నిలబడి, అన్నీ చూసాం. గోడకి టేపు పెట్టి కొలిస్తే పెయింట్ ముందు మీటరున్నర దగ్గర మొదలైన కూత పెయింట్ తర్వాత కూడా అక్కడే మొదలైంది, బెత్తెడు అటూ ఇటూ.

ఖర్చు చెప్తా. కొత్త కిట్టు 950, పెయింటు 280, పెద్దాయన పనికి 600, బిగించిన కుర్రాడికి 200. మొదటి షాపులో పోయిన 1850 కూడా కలుపుకుంటే ఈ నాలుగు బొట్ల మీద నేను పెట్టింది 3880. మా ఆవిడకి 2500 అని చెప్పా.

రిజల్ట్ ఎలా ఉందంటే, ఎదురుగా పదడుగుల దూరం నుంచి చూస్తే సెన్సర్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. కింద ఫ్లాట్ ఆయన "సెన్సర్లు తీయించేసారా, పనిచేయలేదా" అని అడిగాడు, ఆయనకి రివర్స్ వేసి వినిపించాల్సి వచ్చింది. సాయంత్రం ఏటవాలు ఎండలో పక్కనుంచి చూస్తే మాత్రం కుడివైపు చివరిది ఒక పిసరు ముదురుగా ఉంటుంది. ఇంకోదాని మీద ఆవగింజలో సగం దుమ్ము గింజ క్లియర్ లో ఇరుక్కుంది, నేను వేలితో తడిమితే తెలుస్తుంది, చూస్తే తెలీదు. పాలిష్ చేసి తీసేయమంటే వద్దన్నారు, రుద్దుడు ఈ ముక్కలకి పనికిరాదని. సరే అన్నా.

ఇప్పుడు నచ్చనివి. సాయంత్రానికి ఐపోద్ది అన్నారు, మూడో రోజు మధ్యాహ్నానికి ఐంది. ఫోన్ ఎత్తరు, ఎత్తితే "వచ్చేయండి" అంటారు, వెళ్తే అవ్వదు. బిల్లు అడిగితే నవ్వారు. కూర్చోడానికి ఒక విరిగిన కారు సీటు, పక్కన లారీకి టింకరింగ్ జరుగుతుంటే ఆ సుత్తి దెబ్బలకి రెండు గంటలు తల పగిలిపోయింది. గ్యారంటీ అంటే "పలక్కపోతే తీసుకురా" అనే మాటే గ్యారంటీ. ఇలాంటివి ఇబ్బంది అనుకునేవాళ్ళు వెళ్ళకండి, నిజంగా.

మరి కంపెనీ సెన్సర్లు ఉన్న బండి ఐతే? మా బామ్మర్ది హైదరాబాద్ లో ఉంటాడు, వాడి బండి వెనక ఎవడో గుద్దితే బంపర్ మార్చాల్సొచ్చింది. మామూలు ఇన్సూరెన్స్ లో ప్లాస్టిక్ ముక్కలకి సగం డబ్బులే ఇస్తారు, జీరో డెప్ (తరుగు కోయకుండా ఇచ్చే పాలసీ) ఉంటే వేరే సంగతి, వాడికి ఉంది కాబట్టి బతికిపోయాడు. సర్వీస్ సెంటర్ వాళ్ళు కొత్త బంపర్ కి పెయింట్ కొట్టి, సెన్సర్లు మాత్రం పాతవే చిన్న గీతలతో మళ్ళీ పెట్టేసారు. వాడు వాటికి కూడా రంగు వేయించేద్దామని నన్ను అడిగాడు. నేను వద్దన్నా. కంపెనీ సెన్సర్ల మీద ముందే ఒక ఫ్యాక్టరీ పెయింట్ ఉంటుంది, దాని మీద మళ్ళీ కొడితే మందం రెట్టింపు ఐనట్టే, పైగా అవి ఒక్కోటి మన కిట్టు మొత్తం కంటే ఖరీదు. చాలా మోడళ్ళకి బండి రంగులోనే పెయింట్ ఐన సెన్సర్ విడిగా దొరుకుతుంది, లేదంటే ప్రైమర్ తో వస్తుంది, అది కొనుక్కుని ఒక్కసారి వేయించుకోవడం మేలు. ఇంకోటి, ఈ మధ్య కార్లలో పక్క లైన్లో బండి వస్తే అద్దంలో లైటు వెలిగే సిస్టం ఉంటుంది చూడండి, దాని రాడార్ బంపర్ వెనక దాక్కుని ఉంటుంది, బయటికి కనపడదు. అక్కడ బంపర్ మీద పుట్టీ పెట్టినా, మెటాలిక్ మందంగా కొట్టినా దానికి చూపు మందగిస్తుంది. అలాంటి బండి ఐతే ఆటోనగర్ కి వెళ్ళే ముందు కంపెనీ వాళ్ళ రిపేర్ రూల్స్ ఏంటో అడిగి వెళ్ళండి.

మా చెల్లి ఐతే నెయిల్ పాలిష్ వేసేయొచ్చు కదన్నయ్యా, గ్రే షేడ్ నా దగ్గరుంది అంది. నవ్వా గానీ ఆలోచిస్తే మొదటి షాపు వాడు చేసింది దాదాపు అదే. స్టిక్కర్ వినైల్ గుండ్రంగా కత్తిరించి అంటించేవాళ్ళు కూడా ఉన్నారు, రేకు మీద గాలి బుడగ ఒక్కటి ఉన్నా పని అయిపోయినట్టే, రెండు వాటర్ వాష్ లకి అంచు లేస్తుంది.

నలుపు సెన్సర్లు ఉన్నవాళ్ళు ఇప్పుడు బాగానే పలుకుతుంటే వదిలేయండి అనే నేను చెప్తా, ముఖ్యంగా బంపర్ కింద సగం ఎలాగూ నల్ల ప్లాస్టిక్ ఉన్న బండ్లకి అసలు అవసరమే లేదు. కొత్తగా పెట్టించేవాళ్ళకి ఐతే బిగించకముందే వేయించుకోండి, బిగించాక వద్దు. నా మార్కులు ఐదుకి నాలుగు, ఆ ఒకటి ఫోన్ ఎత్తనందుకు తీసేసా.

వెళ్ళేవాళ్ళు పొద్దున పదకొండు లోపు వెళ్ళండి, ఆ తర్వాత పెద్దాయన ఏదో ఒక లారీ క్యాబిన్ మీద ఉంటారు, దిగరు. ఆదివారం సెలవు. పెయింట్ ఐన వారం దాకా బండికి ప్రెషర్ వాష్ చేయించొద్దన్నారు, తర్వాత కూడా ఆ పైపు సెన్సర్ కి అడుగు దూరంలోనే ఆపమని కుర్రాళ్ళకి చెప్పమన్నారు. మొన్న చెప్పా, వాడు విన్లేదు, నేనే వెళ్ళి బంపర్ కి అడ్డంగా నిలబడ్డా, ప్యాంటు తడిసింది.